ప్రభువు బల్ల: ఒకే రొట్టె, ఒకే గిన్నె

యేసు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని తలచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడమే ప్రభు రాత్రి భోజన సంస్కారం. మనం 'ప్రభువు బల్ల' అంటాం. బైబిల్లో 'సహవాసం' అని ఉన్న చోట గ్రీకు మాట 'కొయినోనియా'. అంటే పాలుపంచుకోవడం.

కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందే తినేస్తే లేనివాళ్లు పస్తున్నారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు మందలించాడు (1 కొరింథీ 11).

ఒంగోలు ప్రాంతంలో 1866లో మాదిగ కులస్థుడు యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రకులాలవారు మిషనరీ జాన్ క్లౌకు చెప్పారు. ఆయన మాదిగలనే చేర్చుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

టీకొట్టులో వేరే గ్లాసు పెట్టిన ఊళ్లో ఒకే గిన్నెలో పాలు దొరకడం చిన్న సంగతి కాదు. మనకు బల్ల ఆత్మగౌరవం కూడా.

అయినా మాల చర్చి, మాదిగ చర్చి వేరుగా ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా ఇవ్వలేదు. ఆ న్యాయం ప్రభుత్వాన్ని అడుగుతున్న మనం, బల్ల దగ్గర ఒకరినొకరం కులం అడగడం ముందు మానాలి.