పసివాడికో బొంత

ఒళ్లో గుడ్డపీలికలు పోసుకుని కూర్చుంది చిత్రకారిణి సోనియా దెలోనే. 1911వ సంవత్సరం, పారిస్. జనవరిలో పుట్టిన కొడుకు షార్ల్‌కి కప్పడానికి బొంత కావాలి. కొనే స్తోమత లేక కాదు. యుక్రెయిన్‌లో పుట్టి, పీటర్స్‌బర్గ్‌లో సంపన్నుడైన మేనమామ పెంపకంలో పెరిగిన మనిషి ఆమె. తన దేశపు రైతుల ఇళ్లలో చూసిన అతుకుల బొంతలే మనసులో ఉండిపోయాయి.

గులాబీరంగు ముక్క పక్కన ఆకుపచ్చది పెట్టి చూసింది. రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టాయి. నల్లది చేర్చేసరికి మీగడరంగు వెలిగింది. చదరాలు, త్రికోణాలు, ఏటవాలు ముక్కలు... పువ్వు లేదు, పిట్ట లేదు. అప్పటిదాకా మనుషుల బొమ్మలు గీసిన చెయ్యి అది.

చూసిన మిత్రులు, ఇది క్యూబిజమే కదా అన్నారు. ఆమె కుట్టింది మాత్రం పిల్లవాడి కోసం.

వెనకటికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త పారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో అద్దకాలు చూసేవాడు. నల్లదారం వెలవెలబోతోందని గొడవొస్తే, లోపం అద్దకంలో లేదు, పక్కన నేసిన రంగులో ఉందని తేల్చి, 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. సోనియా భర్త రొబేర్‌కి ఆ సిద్ధాంతమంటే ప్రాణం. 1912లో అతను వేసిన ‘కిటికీలు’ చిత్రాలకు అదే పునాది. కానీ కాన్వాసు కన్నా ముందు ఆ పని బొంత మీద జరిగిపోయింది. నా దృష్టిలో సోనియా తొలి నైరూప్య చిత్రం ఆ బొంతే. ఇంటిపని కింద జమకట్టి దాన్ని పక్కన పెట్టడం అన్యాయం. ఇప్పుడది పారిస్‌లోని పాంపిదూ కేంద్రం సేకరణలో ఉంది.

1913 జనవరి. యువకవి బ్లేజ్ సాంద్రార్ కవిత ‘న్యూయార్క్‌లో ఈస్టర్’ ఆమెను కుదిపేసింది. సూది స్థానంలోకి కత్తెర, జిగురు వచ్చాయి. మెత్తటి తోలు అట్ట మీద రంగుకాగితాలు కత్తిరించి అతికించి, ఆ పుస్తకానికి తొడుగు చేసింది. అదే ఏడు ఇద్దరూ కలిసి సైబీరియా రైలు ప్రయాణ కవితను పుస్తకంగా తెచ్చారు. మడతలు విప్పితే దాదాపు 2 మీటర్ల పొడవు. ఒక పక్క అక్షరాలు, ఇంకో పక్క స్టెన్సిల్ పెట్టి చేత్తో అద్దిన రంగులు. 150 ప్రతులు వేసి, ఒకదాని కింద ఒకటి వేలాడదీస్తే ఐఫిల్ టవరంత ఎత్తు రావాలని వాళ్ల లెక్క. అన్నీ తయారు కాలేదు.