ఒక్క పాయింటు

2017 ఏప్రిల్ 30, ఆదివారం. షిల్లాంగ్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం.

ఆట మొదలై తొమ్మిది నిమిషాలే అయింది. షిల్లాంగ్ లజాంగ్ స్ట్రైకర్ దిపాందా కొట్టిన బంతి వెళ్లి వలలో పడింది. మిజోరం నుంచి కొండలు దాటి వచ్చిన అభిమానుల గొంతులు ఒక్కసారిగా మూగబోయాయి. ఆ రోజు మిజోరం జట్టు ఐజ్వాల్ ఎఫ్‌సీకి గెలుపు కూడా అక్కర్లేదు. డ్రా చేసుకుంటే చాలు, జాతీయ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఐ-లీగ్ టైటిల్ దానిదే. ఆ ఒక్క పాయింటే ఇప్పుడు చేజారిపోయేలా ఉంది.

నిజానికి ఈ జట్టు ఆ సీజన్‌లో ఉండాల్సిందే కాదు. అంతకు ముందు ఏడాదే లీగ్ నుంచి కింది అంచెకు పడిపోయింది. ఇంతలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)ను దేశంలో మొదటి లీగ్‌గా చేయాలన్న ఆలోచనను నిరసిస్తూ కొన్ని గోవా క్లబ్బులు ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి. ఖాళీ ఏర్పడింది. ఐజ్వాల్‌ను మళ్లీ పిలిచారు.

కోచ్ ఖాలిద్ జమీల్ కూడా అప్పుడే ముంబై ఎఫ్‌సీ నుంచి బయటికొచ్చాడు. తన దగ్గర ఆడిన జయేశ్ రాణే, ఆశుతోష్ మెహతా వెంట వచ్చారు. మధ్యలో ఆట నడిపించడానికి సిరియా ఆటగాడు మహమూద్ అల్ అమ్నా ఉన్నాడు. మిగతా బలంలో ఎక్కువ భాగం మిజో కుర్రాళ్లదే.

పది జట్లు, ఒక్కో జట్టుకు పద్దెనిమిది మ్యాచ్‌లు. పదహారు ముగిసేసరికి ఐజ్వాల్‌కు 33 పాయింట్లు, కోల్‌కతా దిగ్గజం మోహన్ బగాన్‌కూ 33. ఏప్రిల్ 22న ఆ రెండూ ఐజ్వాల్‌లోనే తలపడ్డాయి. ఎనభై నిమిషాలు దాటినా గోల్ లేదు. 83వ నిమిషంలో డిఫెండర్ జోమింగ్లియానా రాల్తే గాల్లోకి లేచి తలతో బంతిని గోల్‌లోకి పంపాడు. 1-0. కిందటేడు దిగజారిన జట్టు మూడు పాయింట్ల ఆధిక్యంతో షిల్లాంగ్ బయల్దేరింది.

లీగ్ అంటే నాకు ఇదే. పడిపోయే భయమూ ఉండాలి, పైకెక్కే మెట్టూ ఉండాలి. నేడు దేశంలో మొదటి అంచె ఐఎస్‌ఎల్‌దే. 2022-23 నుంచి ఐ-లీగ్ రెండో అంచె అయింది. ఐఎస్‌ఎల్ ఆడుతున్న జట్టుకు ఓడితే కిందికి దిగుతామన్న భయం తెలియకుండానే ఏళ్లు గడిచాయి. ఇది ఆటకు చేసిన అన్యాయమని నా నమ్మకం.

మళ్లీ షిల్లాంగ్. విరామానికి 0-1. ఇద్దరు మిజోలు కలిస్తే మాట్లాడుకునేది ఫుట్‌బాల్ గురించే అని చెప్పుకునే ఐజ్వాల్ జనం గడియారం చూస్తున్నారు. యాభై నిమిషాలు, అరవై. 67వ నిమిషంలో లజాంగ్ గోల్ ముందు తోపులాట. విలియం లాల్నున్‌ఫెలా కాలు తగిలి బంతి గీత దాటింది. 1-1.

ఆ తర్వాత ఇరవై మూడు నిమిషాలూ, పైన అదనపు సమయమూ కాచుకోవాలి. అదే రోజు కోల్‌కతాలో బగాన్ తన మ్యాచ్ గెలిచింది. ఇక్కడ వచ్చిన ప్రతి బంతినీ ఐజ్వాల్ డిఫెండర్లు దూరంగా తన్నేస్తున్నారు.

విజిల్ మోగింది. ఐజ్వాల్ 37, బగాన్ 36. ఈశాన్య రాష్ట్రాల క్లబ్ ఒకటి జాతీయ లీగ్ గెలవడం అదే మొదటిసారి.