పాత లాప్‌టాప్‌లో కొత్త డిస్క్: ఒక ఒప్పందం చరిత్ర

ఈ పాఠం చదివే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో పదేళ్లు దాటిన లాప్‌టాప్ ఉంటే, దాన్ని ఆపి, తిరగేసి చూడండి. చాలా పాత లాప్‌టాప్‌ల అడుగున రెండు మూడు స్క్రూలతో బిగించిన చిన్న మూత కనిపిస్తుంది. హార్డ్ డిస్క్ సాధారణంగా దాని కిందే ఉంటుంది. ఎప్పుడో తయారైన యంత్రంలో ఈనాటి డిస్క్ ఎలా ఇముడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది.

1. గది నుంచి అరచేతికి

మొదటి హార్డ్ డిస్క్‌ను ఐబీఎం సంస్థ 1956లో రామాక్ కంప్యూటర్‌తో పాటు ప్రవేశపెట్టింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి. బరువు సుమారు ఒక టన్ను. అంతా కలిపి 50 లక్షల అక్షరాలు మాత్రమే పట్టేవి. నేడు మీ ఫోన్‌లోని ఒక ఫోటోకు కూడా అది చాలకపోవచ్చు.

ఆ తర్వాత పళ్లేలు చిన్నవవుతూ వచ్చాయి. 1980లో 5.25 అంగుళాల డిస్క్, 1983లో 3.5 అంగుళాల డిస్క్ వచ్చాయి. 1988లో ప్రెయిరీటెక్ సంస్థ 20 మెగాబైట్ల 2.5 అంగుళాల డిస్క్‌ను తెచ్చింది. లాప్‌టాప్‌లలో స్థిరపడిన కొలత ఇదే. దాని వెడల్పు సుమారు 70 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 100 మిల్లీమీటర్లు.

2. ఎవరి పని వారిదే

కొలత ఒక్కటే కుదిరితే చాలదు. తొలినాళ్లలో డిస్క్‌ను నడిపించే కంట్రోలర్ వేరే కార్డు మీద ఉండేది. ఏ పళ్లెం మీద, ఏ వలయంలో, ఏ భాగంలో సమాచారం ఉందో కంప్యూటరే చెప్పాల్సి వచ్చేది. 1980ల మధ్యలో ఐడీఈ పద్ధతి వచ్చి, కంట్రోలర్‌ను డిస్క్ మీదికే చేర్చింది. 1994లో ఇది ఏటీఏ పేరుతో అధికారిక ప్రమాణమైంది. క్రమంగా కంప్యూటర్ ‘ఫలానా నంబరు గడిలో ఉన్నది ఇవ్వు’ అని మాత్రమే అడిగే విధానం స్థిరపడింది. ఆ గడి లోపల ఎక్కడుందో చూసుకోవడం డిస్క్ పని.

ఈ పని విభజనే మన కథలో కీలకం. పైకి మాట మారనంత కాలం డిస్క్ లోపల ఏమి మార్చినా కంప్యూటర్‌కు ఇబ్బంది లేదు. ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రున్‌బర్గ్ 1988లో విడివిడిగా కనుగొన్న అయస్కాంత ధర్మం ఆధారంగా 1997లో కొత్త రకం రీడ్ హెడ్‌లు వచ్చాయి. డిస్క్‌ల సామర్థ్యం ఎన్నో రెట్లు పెరిగింది. ఆ ఆవిష్కరణకు వారిద్దరికీ 2007లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఒప్పందానికీ హద్దులుంటాయి. పాత ఏటీఏలో గడి నంబరుకు 28 బిట్‌లే కేటాయించారు. గడికి 512 బైట్ల చొప్పున లెక్కిస్తే 137 గిగాబైట్ల దగ్గర లెక్క ఆగిపోతుంది. అందుకే 2002కు ముందు నాటి కొన్ని యంత్రాలు పెద్ద డిస్క్‌ను పూర్తిగా గుర్తించలేవు. తర్వాత 48 బిట్‌ల పద్ధతి ఈ చిక్కును తీర్చింది. 2003లో సాటా ప్రమాణం వచ్చి, వెడల్పాటి ఐడీఈ కనెక్టర్ స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది.

3. తిరగని డిస్క్

తోషిబా సంస్థలో ఫుజియో మసుఓకా బృందం 1987లో నాండ్ ఫ్లాష్ మెమరీని ప్రకటించింది. ఎస్‌ఎస్‌డీలో ఉండేది ఇదే. ఇందులో తిరిగే పళ్లెం లేదు. నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో, కావలసిన గడి రీడ్ హెడ్ కిందికి రావడానికే సగటున 5.6 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి ఆ నిరీక్షణ లేదు. అయినా సాటా ఎస్‌ఎస్‌డీ అదే కొలతలో, అదే కనెక్టర్‌తో, అదే మాట మాట్లాడుతుంది. లోపల పళ్లెం లేదన్న సంగతి పాత లాప్‌టాప్ పట్టించుకోనక్కరలేదు.

4. మీరు మార్చదలిస్తే

ముందుగా మీ ఫైళ్లకు మరో చోట నకలు తీసుకోండి. డిస్క్ నుంచి టక్ టక్ శబ్దం వస్తుంటే ఈ పనిని రేపటికి వాయిదా వేయవద్దు. కొత్త డిస్క్ కొనవచ్చు, పోయిన ఫోటోలను కొనలేం. తర్వాత కనెక్టర్ ఐడీఈయా, సాటానా చూడండి. మందం కూడా కొలవండి: 9.5 మిల్లీమీటర్ల చోట 7 మిల్లీమీటర్ల డిస్క్ పడుతుంది, 7 చోట 9.5 పట్టదు. విప్పే ముందు చార్జర్ తీసి, వీలైతే బ్యాటరీ కూడా తొలగించండి. తీసిన డిస్క్ బాగుంటే, యూఎస్‌బీ పెట్టెలో అమర్చి నకళ్లకు వాడుకోవచ్చు.

5. ముగింపు

పాత లాప్‌టాప్ ఆయుష్షు పెరగడానికి కారణం ఏ ఒక్క కంపెనీ దయ కాదు. పోటీ పడే సంస్థలు ఒకే కొలతకు, ఒకే భాషకు కట్టుబడటమే. నేటి కొన్ని పలుచని లాప్‌టాప్‌లలో నిల్వ చిప్‌లను మదర్‌బోర్డుకే సోల్డర్ చేస్తున్నారు. వాటికి మూత విప్పినా మార్చడానికి విడి డిస్క్ ఉండదు. కాబట్టి ఈసారి లాప్‌టాప్ కొనేటప్పుడు ధరతో పాటు ఈ ప్రశ్న కూడా అడగండి: ‘ఇందులో డిస్క్ మార్చుకోవచ్చా?’

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కంట్రోలర్ డిస్క్ మీదికి చేరడం వల్ల కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. 137 గిగాబైట్ల హద్దు ఎలా ఏర్పడిందో లెక్కతో వివరించండి.