దొంగతనం: శిక్ష, సొమ్ము వాపసు, నివారణ – తెలుగు నాట చరిత్ర

దొంగతనం జరిగితే పాలకుల ముందు మూడు పనులుంటాయి. దొంగను శిక్షించాలి, పోయిన సొమ్ము సొంతదారుకు ఇప్పించాలి, మళ్లీ జరగకుండా చూడాలి. వీటిలో దేనికి పెద్దపీట వేశారన్నది తెలుగు నాట కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద నీటి చౌర్యం రూపంలో ఈ సమస్య ఇప్పటికీ రైతుల మధ్య నలుగుతోంది.

ధర్మశాస్త్రాల కాలం

ఆపస్తంబ ధర్మసూత్రం కాపలాకు కొలతలు పెట్టింది. పట్టణం చుట్టూ యోజనం మేర, ఊరి చుట్టూ క్రోశం మేర దొంగల భయం లేకుండా చూడాల్సింది రాజు నియమించిన రక్షకులు. ఆ హద్దుల్లో సొమ్ము పోతే దాన్ని వారే చెల్లించాలి. ఆపస్తంబుడు ఆంధ్రదేశానికి చెందినవాడని జర్మన్ పండితుడు బ్యూలర్ అభిప్రాయపడ్డాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మరో అడుగు ముందుకు వేసి, దొంగసొత్తును రాబట్టలేని రాజు తన సొంత ధనం నుంచి ఇవ్వాలంది. అలాగని ఈ గ్రంథాలు మెతకవి కావు. కాళ్లూ చేతులూ నరకడం, చంపడం వీటిలో ఉన్న శిక్షలే. దొంగ చేత ముందు సొమ్ము కక్కించి, ఆ తర్వాతే చంపించాలని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది.

ఆ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కళ్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కాలం వాడు. నేటి నల్లగొండ ప్రాంతం కూడా అప్పట్లో ఆ ఏలుబడిలోనిదే. 13వ శతాబ్దంలో కవి కేతన మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు చేశాడు. ఓడ మునిగితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజే లాక్కునే పద్ధతికి స్వస్తి చెబుతూ కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించింది కూడా ఆ శతాబ్దంలోనే. తర్వాతి శతాబ్దాల్లో ఊరి భద్రత తలారులు, కావలివారి చేతుల్లో సాగింది.

నేరస్థ తెగల చట్టం

బ్రిటిష్ పాలనలో కథ అడ్డం తిరిగింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి దొంగతనానికి మూడేళ్ల వరకు జైలు, జరిమానా విధించింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం ఇంకా ముందుకు పోయి, నేరం చేసినవాడిని వదిలి పుట్టిన కులాన్ని పట్టుకుంది. 1911లో సవరించిన చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకలవారు అంతకుముందు గాడిదలు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకునేవారు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం పెరిగి ఆ బేరం దెబ్బతిన్నది. బతుకుదెరువు పోయినవారికి చట్టం ఇచ్చింది దొంగలన్న ముద్ర.

అలా ముద్ర పడ్డవారిని నిఘాలో ఉంచేందుకు సెటిల్మెంట్లు వెలిశాయి. బాపట్ల దగ్గర క్రైస్తవ సేవా సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటుకు మద్రాసు ప్రభుత్వ అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద స్టువర్టుపురం అని పేరు పెట్టారు. నెల్లూరు జిల్లాలో కావలి, కప్పరాళ్లతిప్ప, గుంటూరు జిల్లాలో సీతానగరం కూడా సెటిల్మెంట్లే. అక్కడివారి వేలిముద్రలు పోలీసు రికార్డులకెక్కాయి. హాజరు పలకాలి, పాసు లేకుండా హద్దు దాటకూడదు. స్టువర్టుపురం వాళ్లలో ఎందరో చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవారు. భూమి, బడి, పని చూపించినా చుట్టూ కాపలా ఉన్నంతకాలం అది నివారణ పేరుతో సాగిన శిక్షే.

దేశమంతటా ఈ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ముద్ర మాత్రం అంత తొందరగా చెరగలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. 1970ల్లో నాస్తికవాది గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలత స్టువర్టుపురంలో, కప్పరాళ్లతిప్పలో ‘సంస్కార్’ సంస్థ ద్వారా పని మొదలుపెట్టారు. చంబల్ లోయలో వినోబా భావే ఎదుట బందిపోట్లు లొంగిపోయిన ఘట్టం తెలిసినవారు కావడంతో, మనసు మార్చడంతో పాటు చదువు, జీవనోపాధి మీదా దృష్టి పెట్టారు. తెలుగు నాట దొంగతనాల నివారణకు జరిగిన ప్రయత్నాల్లో ఇది అన్నిటికన్నా మానవీయమైనది.

ఎడమ కాల్వ కింద

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీరు విడుదల చేశారు. ఆరుతడి పంటలకు కేటాయించిన పొలాల్లోనూ ఎగువ రైతులు వరి వేయడంతో చివరి భూములకు తడి అందడం కష్టమైంది. తూము షట్టరు విరగ్గొట్టడం, కట్ట మీద మోటారు పెట్టడం, రాత్రిపూట గండి కొట్టడం ఇక్కడి నీటి చౌర్యం తీరు. నీళ్లు ఒకసారి మడిలో ఇంకాక వాపసు ఇప్పించేదేముంటుంది? అందుకే లస్కరు (కాల్వ కాపలా ఉద్యోగి) గస్తీ, వంతులవారీ విడుదల, మరమ్మతులకే ఇక్కడ విలువ. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచి, అక్రమంగా తూములు తెరిచేవారికి శిక్షలూ పెట్టింది. 2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో కాల్వల ఆధునికీకరణకు ఆమోదం లభించింది.

కాల్వల చివర రైతులు కలిసికట్టుగా కాపలా పెట్టుకున్న ఉదాహరణ కర్నూలు జిల్లాలో ఉంది. ఊరి నిధి నుంచి జీతమిచ్చి నీరుకట్టేవారిని, పొలం కాపలాదారులను నియమించుకున్న గ్రామాల గురించి పరిశోధకుడు రాబర్ట్ వేడ్ 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే పుస్తకం రాశాడు.

కొత్త చట్టం

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ సొమ్ము వాపసుకు మళ్లీ చోటిచ్చింది. ఐదు వేల రూపాయల లోపు విలువైన వస్తువును మొదటిసారి దొంగిలించి దోషిగా తేలిన వ్యక్తి, దాన్ని గానీ దాని విలువను గానీ తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. రెండోసారి దోషిగా తేలితే మాత్రం ఏడాదికి తగ్గకుండా, ఐదేళ్లకు మించకుండా కఠిన కారాగార శిక్ష, జరిమానా తప్పవు.