మురుగునీటిపై నురుగు

పాలు పొంగుటను, కుంకుడురసము నురుగు కట్టుటను ఎరుగని ఇల్లుండదు. బుడగ పగులకుండ దానిచుట్టు ఒక పలుచని పొర నిలుచుటయే ఈ రెండింటికిని కారణము. ఈ చిన్న విషయమే ఆహారపరిశ్రమల మురుగునీటిని శుద్ధిచేయువారికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టినది.

ఈ శుద్ధివిధానము ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున రూపొందినది. 1914 ఏప్రిల్ 3వ తేదీన ఆర్డెర్న్, లాకెట్ అను రసాయనశాస్త్రజ్ఞులు తమ ప్రయోగఫలితములను ప్రకటించిరి. మురుగునీటిలోనికి గాలి పంపగా మొదట శుద్ధికి అయిదు వారములు పట్టెను. అడుగున దిగిన మడ్డిని పారవేయక, దానిపైననే క్రొత్త మురుగునీరు పోసి మరల మరల గాలి పంపగా, తుదకు ఒక దినములోనే పని ముగిసెను. ఆ మడ్డి సూక్ష్మజీవుల రాశి. వారిని ఈ దారికి మరల్చిన గిల్బర్ట్ ఫౌలర్ పిమ్మట బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఆచార్యుడయ్యెను.

అయితే మేలుచేయు గాలియే నురుగునకును తావిచ్చినది. 1950 తరువాత డిటర్జెంట్లు వ్యాపింపగా, సూక్ష్మజీవులకు లొంగని ఆ రసాయనములు పాశ్చాత్యదేశముల నదులపై తెల్లని నురుగును కుప్పలుగ నిలిపినవి. పశ్చిమజర్మనీ 1961లో శాసనము చేసెను. అమెరికా పరిశ్రమ 1965లో, సూక్ష్మజీవులు సులువుగ హరింపగల రకమునకు మారెను. తెల్లనురుగు తగ్గెను.

కాని 1969లో అమెరికాలోని మిల్వాకీ నగర శుద్ధిశాలలో దట్టమైన గోధుమవన్నె నురుగు కనబడెను. ఇట్టి నురుగులో దొరకిన సూక్ష్మజీవికి 1974లో లెషవాలియే దంపతులు నొకార్డియా అమరే అని పేరు పెట్టిరి. నేడు దానిని గోర్డోనియా అందురు. దాని మేనిపై మైనము వంటి పొర గలదు. కావున అది నీటిని వీడి, బుడగల నంటుకొని పైకి తేలును. నూనెయు క్రొవ్వును దానికి ఇష్టమైన మేత. పాలకేంద్రములు, కబేళాలు, నూనెమిల్లుల నీటిలో ఆ మేతకు కొదవలేదు. పైగా పాలలోని మాంసకృత్తులు తమంతతామే నురుగు కట్టును.

నురుగు గట్టు దాటెనా, పనివారు జారిపడుదురు. శుద్ధిచేయు జీవులును దానితో కొట్టుకొనిపోవును. శుద్ధికాని నీరు ఏటిలో కలిసి ప్రాణవాయువును హరింపగా చేపలు చచ్చును.

నురుగు నణచు నూనెలు చల్లుట తాత్కాలికోపశమనమే. ముదిరిన మడ్డిని తగినంత వెలికితీయుట, తేలిన నురుగును తిరిగి తొట్టిలోనికి పోనీయకుండుట మేలైన పద్ధతులు. తెల్లనురుగునకు నివారణ శుద్ధిశాలలో గాక డిటర్జెంటు కర్మాగారములోనే లభించినది. అట్లే ఈ గోధుమవన్నె నురుగును అరికట్టు ప్రయత్నమును, క్రొవ్వు కాలువలో పడకముందే, పరిశ్రమ ఆవరణలోనే మొదలుకావలెను.