కొండ వానకు లెక్క కట్టిన కథ

శ్రీకాకుళం జిల్లా కంచిలి ప్రాంతానికి వరద ఒకవైపు నుంచి వస్తుంది, తాగునీరు ఇంకోవైపు నుంచి. ఒడిశా సరిహద్దులో దాదాపు 1,500 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి దగ్గర పుట్టిన మహేంద్రతనయ బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది. (అదే పేరుతో అక్కడే పుట్టిన మరో ఏరు వంశధారలో కలుస్తుంది. లెక్కలు చూసేవాళ్లు ముందు ఏ మహేంద్రతనయో అడిగి తెలుసుకోవాలి.) ఇచ్ఛాపురం పక్కనుంచి పోయే బాహుదా నదిదీ ఒడిశాలోని గజపతి కొండల పుట్టుకే. తాగునీరేమో వంశధారది. హిరమండలం జలాశయం నుంచి ఇక్కడి ఉద్దానం ప్రాంతానికి గొట్టాల్లో నీళ్లు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరు 14న కంచిలి మండలం మకరాంపురంలోనే ప్రారంభించారు. అందుకే కొండ మీద పడిన వానలో కిందికి ఎంత చేరుతుందన్న ప్రశ్న ఇక్కడ రెండు రకాలు: తుపాను రాత్రి ఎన్ని క్యూసెక్కులు? ఏడాదికి ఎన్ని టీఎంసీలు?

మొదటి ప్రశ్నకు మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్లు చాలాకాలం వాడిన జవాబు 1884 నాటి రైవ్స్ సూత్రం. పరీవాహక వైశాల్యానికి మూడింట రెండు (2/3) ఘాతం కట్టి, ఒక గుణకంతో హెచ్చిస్తే గరిష్ఠ వరద వచ్చేస్తుంది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు ప్రాంతమైతే గుణకం 6.8, కొండల చేరువ ప్రాంతమైతే 10.2. వెయ్యి చదరపు కిలోమీటర్ల పరీవాహకం తీసుకోండి. మొదటి గుణకంతో సెకనుకు 680 ఘనమీటర్లు, రెండోదానితో 1,020. మరి మహేంద్రగిరి సంగతేమిటి? శిఖరం నుంచి తీరానికి సూటిగా కొలిస్తే ముప్పై కిలోమీటర్లకు మించదు. అది తీరమూ, కొండా రెండూ. ఏ గుణకం ఎంచుకున్నారన్న దాన్ని బట్టి వంతెన కానాలు ఒకటిన్నర రెట్లు మారిపోతాయి. ఇంకో చిత్రం, వరదను చెప్పే ఈ సూత్రంలో వాన ఎక్కడా లేదు.

వానను లెక్కలోకి తెచ్చినవాడు అమెరికా ఇంజనీరు షెర్మన్. పరీవాహకం అంతటా ఒక అంగుళం నీరు పారితే నదిలో అది గంటగంటకూ ఎలా పెరిగి తగ్గుతుందో గీసిన యూనిట్ హైడ్రోగ్రాఫ్‌ను ఆయన 1932లో ప్రతిపాదించాడు. మన దేశంలో ఖోస్లా కమిటీ (1957-59) తరవాత దేశాన్ని 26 ఉపమండలాలుగా విడదీసి, కొలతలు లేని వాగులకు కూడా ఆ గీత గీసే పద్ధతి తెచ్చారు. రైలు వంతెనలకు, రోడ్డు వంతెనలకు అది బాగా పనికొచ్చింది.

కంప్యూటర్ రంగంలోకి దిగింది 1966లో, క్రాఫర్డ్, లిన్స్లీల స్టాన్‌ఫర్డ్ నమూనాతో. ఆ తరవాత అమెరికా సైన్యపు ఇంజనీర్ల హెచ్‌ఈసీ-1, దాని వారసుడు హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్, అక్కడి వ్యవసాయ శాఖ నుంచి స్వాట్ వచ్చాయి. వరంగల్ ఎన్‌ఐటీ పరిశోధకులు నాగావళి, వంశధార బేసిన్ల మీద పనిచేశారు, స్వాట్‌నూ వాడారు. వీటి లోపల నడిచేది అంతుపట్టని మాయేమీ కాదు. నేల, దాని మీది చెట్టూచేమా చూసి వందకు లోబడిన ఒక సంఖ్య ఇస్తారు. దాని పేరు కర్వ్ నంబర్. ఒక రోజులో 200 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. అడవి దట్టంగా ఉండి సంఖ్య 60 అయితే పారేది 82 మిల్లీమీటర్లు. పోడు కొట్టి నేల బయటపడో, అప్పటికే నాని ఉండో 80 అయితే 140. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. అక్టోబరు తుపాన్ల గడుసుతనం ఇక్కడే ఉంది. నైరుతి వానలకు కొండలు నాని ఇంకేమీ తాగలేని స్థితిలో ఉన్నప్పుడే అవి వస్తాయి.

భవిష్యత్తు లెక్క కావాలంటే పాత వానకు బదులు వాతావరణ నమూనాలు చెప్పిన వానను ఇదే సాఫ్ట్‌వేర్‌లో పోస్తారు. దానికి ముందు ఆ వానను మన పాత కొలతలతో సరిచూసి దిద్దాలి. ఆ దిద్దుబాటుకు తరచూ వాడే వాతావరణ శాఖ వాన పటంలో ఒక్కో గడి పావు డిగ్రీ, అంటే 27 కిలోమీటర్లకు అటూఇటూ. మహేంద్రగిరి శిఖరం, బారువ ఇసుక ఒకటి రెండు గళ్లలో ఇమిడిపోతాయి. కొండవాలు మీద కుండపోతగా కురిసింది, తీరాన జల్లుగా పడింది కలిసి సగటైపోతాయి. ఇక వాతావరణ నమూనా మారిస్తే ఫలితమూ మారుతుంది. కాబట్టి ఒకే అంకె చెప్పే నివేదికను నేను నమ్మను, పై హద్దూ కింది హద్దూ కూడా చెప్పాలి.

రెండో ప్రశ్న, అంటే ఏడాదికి ఎన్ని టీఎంసీలన్నది, కొంత నయం. గొట్టా దగ్గర వంశధార నీరు 115 టీఎంసీలన్న అంచనాతో, ఆంధ్ర, ఒడిశాలకు చెరిసగం అన్న ఒప్పందం 1962లో కుదిరింది. 2010లో ఏర్పడిన ట్రైబ్యునల్ 2017 సెప్టెంబరులో తుది తీర్పు ఇచ్చేనాటికీ ఆ సగం పాళ్లే నిలిచాయి. వంశధారకు కాశీనగర్ దగ్గర కేంద్ర జలసంఘం ఏళ్ల తరబడి తీసిన కొలతలున్నాయి. నమూనా చెప్పిన ప్రవాహాన్ని వాటి పక్కన పెట్టి తప్పొప్పులు చూడొచ్చు. నెలవారీ మొత్తాలైతే సాధారణంగా బాగానే కలుస్తాయి, రోజువారీ శిఖరాలే తేడా కొడతాయి.

కొలతలు చాలని చిన్న నదికి పక్క బేసిన్‌లో కుదిరిన విలువలను అరువు తెచ్చుకోవడం రివాజు. ఏడాది నీటి లెక్కకు అది చెల్లుతుందేమో గానీ, కొండ దిగి గంటల్లో ఊళ్ల మీదికి వచ్చే మహేంద్రతనయ వరదకు వేల చదరపు కిలోమీటర్ల వంశధార విలువలు అతకవు. అక్కడ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కంటే, గజపతి కొండల మీది వాన, ఏటి నీటిమట్టం గంటగంటకూ నమోదైన కొలతలే ముందు కావాలి. ఆ కొండలు ఒడిశావి కనుక ఆ కొలతలు రెండు రాష్ట్రాలూ పంచుకోవాల్సినవి.