పందెం కారుకు పరువు తెచ్చిన ప్రదర్శన

పాత రేసు కార్లను, రూపురేఖలు మార్చిన బండ్లను వరసగా నిలబెట్టే ప్రదర్శన ఎక్కడ జరిగినా ఒక విమర్శ తప్పకుండా వినిపిస్తుంది: పరిగెత్తాల్సిన బండిని తుడిచి, మెరుగుపెట్టి, తాడు కట్టి కూర్చోబెట్టడం ఏం న్యాయం అని. పందెం అసలైనదనీ, ప్రదర్శన దాని వెనకాల డబ్బున్నవాళ్లు తగిలించిన అలంకారమనీ ఈ విమర్శలోని ఉద్దేశం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ తరహా ప్రదర్శనలు పుట్టి పెరిగిన కాలిఫోర్నియా చరిత్ర తిరగేస్తే లెక్క తలకిందులవుతుంది. అక్కడ ప్రదర్శన పెట్టినవాళ్లు పందేలు నడిపినవాళ్లే. పెట్టిన కారణం కూడా సోకు కాదు. ఊరి దృష్టిలో పోకిరీలుగా ముద్ర పడిన మనుషులు తమ పనితనాన్ని నలుగురి ముందు విప్పి చూపించి, పందేనికి ఒక చట్టబద్ధమైన చోటు సంపాదించుకోవడానికి అది దారి అయింది.

1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లలో చాలామందికి వేగం మీద మోజు ఉంది, చేతిలో డబ్బు లేదు. కావలసినన్ని ఉన్నవి పాత ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ బండ్లు. మడ్‌గార్డులు, లైట్లు, ముందు అద్దం విప్పేస్తే బరువు తగ్గుతుంది. హెడ్ ఫేసింగ్ చేసి కంప్రెషన్ పెంచితే, ఒక కార్బురేటర్ స్థానంలో రెండు పెడితే శక్తి పెరుగుతుంది. 1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరలో 65 హార్స్‌పవర్ వీ8 ఇంజన్ తెచ్చాక ఈ పనికి అసలైన ముడిసరుకు దొరికింది. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన ఎడారిలో మ్యూరాక్ అనే ఎండిన సరస్సు ఉంది. నీరింకి గట్టిపడిన ఆ మట్టినేల మైళ్ల కొద్దీ గచ్చులా చదునుగా ఉంటుంది. వారమంతా పనికి తీసుకెళ్లిన బండినే సెలవురోజున అక్కడికి తోలుకెళ్లి ఎంత వేగం పోతుందో చూసుకునేవాళ్లు. దుమ్ములో ఒకరికొకరు కనపడక ప్రమాదాలు జరిగేవి. 1937 నవంబరులో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడి, తరగతులు విడగొట్టి, గడియారం పెట్టి, నియమాలు రాసుకున్నాయి. అంటే ఈ కుర్రాళ్లకు క్రమశిక్షణ ఎవరో వచ్చి నేర్పలేదు. దాన్ని వాళ్లే ఏర్పరచుకున్నారు. అయితే ఎడారిలో జరిగేది ఊళ్లో ఎవరికీ కనపడదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంతో మ్యూరాక్ పూర్తిగా సైన్యం చేతికి పోయింది. ఇప్పుడది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో భాగం. సైన్యంలోనూ విమాన కర్మాగారాల్లోనూ పని నేర్చుకున్న యువకులు యుద్ధం ముగిశాక ఆ విద్యతో పాటు మిగులు సామాను కూడా తెచ్చుకున్నారు. విమానం రెక్క కింద వేలాడదీసే అదనపు ఇంధన ట్యాంకునే కారు బాడీగా వాడొచ్చని 1946లో బిల్ బర్క్ చేసి చూపించాడు. గాలిని చీల్చుకుపోయేలా గీసిన ఆకారం, అదీ తుక్కు ధరకు దొరికేది. ఆ దారిలోనే అలెక్స్ జిడియస్ తన సో-క్యాల్ స్పీడ్ షాప్ తరఫున పీ-38 యుద్ధవిమానపు ట్యాంకుతో తయారుచేసిన బండి 1952లో యూటాలోని బాన్విల్ ఉప్పునేల మీద గంటకు 198 మైళ్లు అందుకుంది. ఇదంతా ఊరికి దూరంగా జరిగిన కథ. ఊళ్లో మాత్రం రాత్రిపూట వీధుల్లో పందేలు, ప్రమాదాలు, పత్రికల్లో పెద్దక్షరాల వార్తలు. మార్పులు చేసిన బండి కనపడితే చాలు, నడిపేవాడు నేరస్తుడన్నట్టు చూసే రోజులొచ్చాయి. బాన్విల్ బండి వెనకున్న లెక్కా, వీధిలో రెచ్చిపోయే బండి వెనకున్న దుడుకూ జనానికి ఒకటిగానే కనిపించాయి.

సరిగ్గా ఈ అపప్రథకు జవాబుగా 1948 జనవరిలో లాస్ ఏంజెలెస్ నేషనల్ గార్డ్ ఆర్మరీలో మూడు రోజుల హాట్ రాడ్ (వేగం కోసం మార్చిన పాతబండి) ఎక్స్‌పొజిషన్ జరిగింది. పెట్టింది ఏ కార్ల కంపెనీయో కాదు, ఎడారి పందేలు నడిపే ఆ అసోసియేషనే. ప్రచారానికి కుదుర్చుకున్న బృందంలో రాబర్ట్ పీటర్సన్ అనే యువకుడున్నాడు. ఆ ప్రదర్శన సమయానికే అతను మరొకరితో కలిసి హాట్ రాడ్ పత్రిక తొలి సంచిక అచ్చువేసి, హాలు మెట్ల దగ్గర పాతిక సెంట్లకు అమ్మాడు. ఇక్కడ గమనించాల్సింది ప్రదర్శన చేసే పని. పందెంలో బండి క్షణంలో ధూళి లేపి మాయమవుతుంది, చూసేవాడికి మిగిలేది చప్పుడూ భయమూ. నిలబెట్టిన బండి దగ్గర మాత్రం అదే మనిషి ఆగుతాడు. బానెట్ కింద పైపులు ఎలా వంచారో, వెల్డింగ్ ఎంత సాఫీగా ఉందో చూస్తాడు, చేసినవాణ్ణి అడుగుతాడు. పందెం ఇవ్వలేని ఒక పరిచయాన్ని ప్రదర్శన ఇచ్చింది.

ఆ తర్వాత జరిగినవి వరసగా చూడండి. 1949 ఆగస్టులో ఆ అసోసియేషన్ యూటాలోని బాన్విల్ ఉప్పునేల మీద తొలిసారి పందేలు నడిపింది. 1950లో శాంటా ఆనా విమానాశ్రయపు రన్‌వే మీద సి.జె. హార్ట్ తదితరులు డబ్బు కట్టి పాల్గొనే డ్రాగ్ పందేలు (తిన్నని దారిలో కొద్దిదూరం పరిగెత్తేవి) మొదలుపెట్టారు. హాట్ రాడ్ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో జాతీయ హాట్ రాడ్ సంఘం స్థాపించాడు. 1953 ఏప్రిల్‌లో ఆ సంఘం తొలి అధికారిక పోటీ పొమోనా జాతర మైదానం పార్కింగ్ స్థలంలో, అక్కడి పోలీసుల మద్దతుతోనే జరిగింది. మరుసటి ఏడాది ఊరూరా తిరిగి సురక్షితంగా పందేలు నడపడం నేర్పిన బృందానికి నాయకుడు బడ్ కూన్స్, పొమోనా పోలీసు ఉద్యోగే. ఇందులో ప్రదర్శన గొప్పేముంది, పని చేసింది రన్‌వేలూ పోలీసులే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, వీధిలోంచి బండ్లను తీసుకెళ్లడానికి కావాల్సింది నేల. కానీ నేల ఇచ్చేవాడు ముందు మనిషిని నమ్మాలి. ఒక పోలీసు అధికారి ఈ కుర్రాళ్ల పక్కన నిలబడటానికి, ఒక ఊరు తన మైదానం అప్పగించడానికి తగిన వాతావరణాన్ని తయారుచేసినవి ఆ పత్రికా, ఆ ప్రదర్శనా. రెంటి వెనకా ఉన్న మనుషులే పందేల సంఘం వెనకా ఉన్నారు. ఇది కాకతాళీయం అనుకోవడం కష్టం.

ప్రదర్శనలో అందానికి వేసిన కొలత కూడా పందెం లోంచి వచ్చిందే. 1950 జనవరిలో ఓక్లండ్‌లో అల్ స్లోనేకర్ జాతీయ రోడ్‌స్టర్ షో పెట్టి, అమెరికాలో అత్యంత అందమైన రోడ్‌స్టర్‌కు తొమ్మిదడుగుల ట్రోఫీ ప్రకటించాడు. తొలిసారి గెలిచినవాడు బిల్ నీక్యాంప్, టింకరింగ్, పెయింటింగ్ పని చేసుకునే మనిషి. అతని బండి 1929 ఫోర్డ్ బాడీ, ఎసెక్స్ కంపెనీ చాసిస్, మెర్క్యురీ ఇంజన్ కలిపి కట్టిన నీలిరంగు రోడ్‌స్టర్. బండి అడుగుభాగమంతా రేకుతో మూసి ఉంటుంది. చూడ్డానికి అది నగిషీలా ఉంటుంది కానీ, అసలు ప్రయోజనం కింద గాలి చిక్కుకోకుండా జారిపోవడం. ఆ సంగతి రుజువైంది కూడా: అందానికి బహుమతి కొట్టిన అదే బండి 1952లో ఎల్ మిరాజ్ ఎండుసరస్సు మీద గంటకు 142.40 మైళ్లు పరిగెత్తింది. ఆ బండిలో అందమూ వేగమూ వేరు కాలేదు.

ధనవంతుల వైపు కథ కూడా భిన్నంగా లేదు. నేడు పాతకార్ల పోటీల్లో తలమానికంగా చెప్పుకునే పెబుల్ బీచ్ కాంకూర్, 1950లో అక్కడి పైన్ చెట్ల మధ్య రోడ్ల మీద జరిగిన కారు పందేనికి తోడుగా పుట్టింది. ఆ ఏడాది అత్యుత్తమ బహుమతి అందుకున్నది రాజుల కాలపు రోల్స్ కాదు, స్టెర్లింగ్ ఎడ్వర్డ్స్ కాలిఫోర్నియాలోనే కొత్తగా కట్టించుకున్న స్పోర్ట్స్ కారు. తొలి ఏడాది ప్రధాన పందెం జాగ్వార్ ఎక్స్‌కే120తో గెలిచిన ఫిల్ హిల్, 1955లో తన 1931 పియర్స్-యారోతో ప్రదర్శనలో పైబహుమతి గెలిచాడు. కొత్త కార్ల నుంచి పునరుద్ధరించిన పాతకార్ల వైపు ఆ వేదిక తిరిగింది అక్కడి నుంచే. ఆ మనిషే 1961లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. 1956లో ఎర్నీ మెకాఫీ నడిపిన ఫెరారీ చెట్టుకు గుద్దుకుని అతను మరణించాక ఆ రోడ్ల మీద పందెం ఆగిపోయి, 1957లో లగూనా సేకా అనే ప్రత్యేక ట్రాక్‌కు మారింది. ప్రదర్శన పెబుల్ బీచ్‌లోనే ఉండిపోయింది. 1997లో అదే పచ్చికలోకి తొలిసారి హాట్ రాడ్లను పిలిచినప్పుడు గెలిచింది డోన్ స్పెన్సర్ కట్టిన 1932 ఫోర్డ్. దాని సైలెన్సర్ గొట్టాలు చాసిస్ కిందగా వేలాడవు, చాసిస్ పట్టీలనే తొలిచి లోపలినుంచి వెళ్తాయి. మెక్సికో దేశమంతా సాగే కరేరా పందెంలో దిగాలనీ, రాళ్లదారిలో గొట్టాలు నేలకు తగలకూడదనీ చేసిన ఏర్పాటు అది. స్పెన్సర్ ఆ పందెంలో దిగకుండానే బండి అమ్మేశాడు. అయినా న్యాయనిర్ణేతలు మెచ్చుకున్న ఆ పొందికకు మూలం పందెం అవసరమే.

ఇక అసలు విమర్శకు వస్తే, ప్రదర్శన క్రమంగా పందేన్ని మింగేసిందన్నదాంట్లో కొంత నిజముంది. జార్జ్ బారిస్ షాపులో 1952లో తయారైన హిరోహాటా మెర్క్ పైకప్పు కోసి తగ్గించి, బాడీ నేలకు దించి కట్టిన కారు. అది వేగం కోసం కాదు, చూపు కోసమే. ఎడ్ రాత్ 1961 నాటి బీట్నిక్ బాండిట్‌లో గాజు బుడగలాంటి పైకప్పు, స్టీరింగ్ చక్రం బదులు ఒకే కర్ర పెట్టాడు. అలాంటి బండిని రోజూ ఎవరూ నడపరు. 1963లో టామ్ వుల్ఫ్ వీటిని శిల్పంతో సమానంగా చూడమంటూ రాసిన వ్యాసం తర్వాత కళగా చూసే ధోరణి ఇంకా బలపడింది. 1959లో ఒక కుర్రాడు 500 డాలర్లకు కొన్న ఆ మెర్క్ 2022 వేలంలో ఇరవై లక్షల డాలర్లు దాటింది. ఆ ధర పలికాక ఎవరు మాత్రం రోడ్డు మీదికి తీస్తారు? కానీ అదే మెర్క్‌ను బాబ్ హిరోహాటా 1953లో లాస్ ఏంజెలెస్ నుంచి ఇండియానాపొలిస్ ప్రదర్శన దాకా స్వయంగా నడుపుకుంటూ వెళ్లాడన్నది మరవకూడదు. బండిని కదలకుండా చేసింది వేలంపాట ధర, ప్రదర్శన కాదు. పైగా ప్రదర్శనలే లేకపోతే ఈ బండ్లలో చాలాభాగం తుక్కులో కలిసేవి. పందెంలో ఓడిన కారుకూ, పాతబడిన ఇంజనుకూ పందెం చూపించే దారి ఒక్కటే, విప్పి సామాను అమ్ముకోవడం. నీక్యాంప్, స్పెన్సర్ బండ్లు ఈ రోజుకీ ఉన్నాయంటే వాటిని వెతికి బాగుచేయించడానికి ఒక వేదిక ఉండబట్టే.

దీనికంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. ప్రదర్శన తెచ్చిన పరువు అందరికీ సమానంగా దక్కలేదు. మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు బండిని నేలకు ఆనేలా దించి నెమ్మదిగా ఊరేగే లోరైడర్ సంప్రదాయాన్ని పెంచుకున్నారు. 1950ల చివర్లోనే కాలిఫోర్నియా చట్టం చక్రపు రిమ్ముకన్నా కిందికి దించిన బండిని నేరం చేసింది. దానికి జవాబుగా రాన్ అగిర్రే తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు బిగించి, పోలీసు కనపడగానే బండి ఎత్తే ఏర్పాటు చేసుకున్నాడు. జిప్సీ రోజ్ అనే గులాబీరంగు ఇంపాలా చారిత్రక వాహనాల జాబితాకెక్కి, 2017లో వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో గాజుపెట్టెలో కొలువుదీరింది. అయినా ఆ ఎత్తు నిబంధన, ఊరేగింపు నిషేధాలు రద్దయింది 2024 జనవరి 1 నుంచి మాత్రమే. అంటే ప్రదర్శన ఒక్కటే చాలదు. డ్రాగ్ పందేల వాళ్లకు షో వెనకాలే రన్‌వే దొరికింది, లోరైడర్లకు షో దొరికినా రోడ్డు దొరకలేదు. ఇది నా వాదాన్ని కొట్టివేయదు, దాని హద్దు చెబుతుంది.

ఈ హద్దు మనకూ పనికొస్తుంది. హైదరాబాద్ సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ కట్టిన బూటు, వంకాయ, క్రికెట్ బ్యాటు ఆకారాల బండ్లను పిల్లలతో వెళ్లి మెచ్చుకుంటాం. రోడ్డు మీద మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోలర్ కింద తొక్కించడమూ పత్రికల్లో చూస్తాం. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదన్న నియమాన్ని 2019లో సుప్రీంకోర్టు గట్టిగా ఖరారు చేసింది. నిద్ర చెడగొట్టే చప్పుడును ఎవరూ సమర్థించనక్కర్లేదు, చట్టం ఉండాల్సిందే. కానీ మార్చిన బండి నేరమా, పనితనమా అన్నది బండిని చూసి తేలే విషయం కాదు. దాన్ని విప్పి చూపించే చోటు, నడిపి చూపించే చోటు రెండూ ఉన్నప్పుడే ఆ తేడా బయటపడుతుంది. కాలిఫోర్నియాలో మొదటిది 1948లో, ఊరి పక్కనే రెండోది 1950లో వచ్చాయి. ఓక్లండ్‌లో పుట్టిన ఆ రోడ్‌స్టర్ ప్రదర్శన 2004 నుంచి పొమోనాలో, డ్రాగ్ స్ట్రిప్‌ను ఆనుకునే ఉన్న అదే జాతర మైదానంలో జరుగుతోంది. ప్రదర్శననూ పందేన్నీ పక్కపక్కనే ఉంచుకున్నంత కాలం అవి ఒకదాన్నొకటి నిలబెట్టాయి. వేరు చేసిన చోట ఒకటి గాజుపెట్టెలోకి, రెండోది రాత్రి వీధిలోకి పోయాయి.